తిరగేసి చూడని స్టూలు

మా గ్యారేజీ నుంచి,
వాన వెలిసిన ఆదివారం

బావకి,

నువ్వు బాగున్నావా అని అడగను. అక్క చేతి వంట తింటూ కూడా బాగుండకపోతే అది నీ ఖర్మ. నేను బాగున్నాను. మర్యాదలు అయిపోయాయి, సంగతికి వస్తాను.

మా వ్యాను పోయింది. ఎవడో ఎత్తుకుపోయాడనుకునేవు, దాన్ని ఎత్తుకుపోయేంత తెలివితక్కువ దొంగ ఇంకా పుట్టలేదు. పాత ఇనుము కొనేవాడు తాడు కట్టి ఈడ్చుకుపోయాడు. పోతూ పోతూ ఒక చక్రం మా గుమ్మంలో వదిలేసి పోయింది, గుర్తుగా ఉంచుకోమని. ఇప్పుడు గ్యారేజీ ఖాళీ. డిపోలో టైర్లు మార్చే పని కూడా నాకు ఒంటిపూటకి కుదించారు. రెండో పూట ఇంట్లో కూర్చుంటే మీ చెల్లెలు, అంటే నా పాలిటి ఇన్‌స్పెక్టరు, నా చుట్టూ ఊడుస్తోంది బావా. బీరువా చుట్టూ ఊడ్చినట్టు. లేవమని కూడా అనదు.

అందుకని గ్యారేజీలో వడ్రంగం షెడ్డు పెడుతున్నాను. నవ్వు, నవ్వు. నీ నవ్వు ఇక్కడికి వినపడుతోంది. ఎనిమిదో క్లాసు తప్పినవాడు చెక్కలో మాత్రం పాసవుతాడా అనేగా? నువ్వు నలభై ఏళ్ళు నేర్చుకున్నది నేను ఒంటిపూటలో నేర్చుకుంటాను, చూస్తుండు. మీ వీధిలో ఆ సోఫాలు చేసేవాడు, నేను దూదిబస్తా అని పేరు పెట్టానే, వాడే మేస్త్రి అయినప్పుడు నేను కాకపోతానా?

ఫోన్ చేద్దామంటే రంపం మిషను నీ చెవులు తినేసింది. అరిచి అరిచి నా గొంతు పోవడమే గానీ నీకు ఎక్కడం లేదు. అందుకే ఈ కాగితం. బల్ల ఎంత ఎత్తు పెట్టాలి, వెలుతురు ఎటు ఉండాలి, ముందు ఏం కొనాలి, అన్నీ వివరంగా రాయి. దాచుకుని ఏం చేసుకుంటావు, నెత్తిన పెట్టుకుపోతావా?

నీ బావమరిది,
నువ్వు పెట్టిన పేరు ప్రకారం, పితలాటకం


వడ్రంగుల వీధి,
షాపు నుంచి

పితలాటకానికి,

నీ ఉత్తరం చదివి మీ అక్క నవ్వింది. నేను మడిచి జేబులో పెట్టుకున్నాను. నువ్వు నన్ను పని గురించి అడగడం ఇదే మొదలు. అందుకని ఎగతాళి పక్కన పెట్టి రాస్తున్నాను. నువ్వూ పక్కన పెట్టి చదువు.

నిటారుగా నిలబడి చేతులు వదిలెయ్యి. మణికట్టు మడత ఎక్కడికి వస్తే బల్ల అక్కడిదాకా ఉండాలి. ఎత్తైతే భుజం పోతుంది, తక్కువైతే నడుం పోతుంది. వెలుతురు ఎడమ పక్కనుంచి రావాలి, లేకపోతే నీ చేతి నీడే నీ గీత మీద పడుతుంది. పనిముట్లు పెట్టెలో కుక్కకు, గోడకి తగిలించు. ఏ పనిముట్టు చోట దాని ఆకారం గీసి రంగు వెయ్యి. సాయంత్రం తలుపు మూసేటప్పుడు ఏది చోటికి రాలేదో గోడే చెబుతుంది.

కొనడం తరవాత. ముందు ఒక స్టూలు చెయ్యి. ఒక పలక, నాలుగు కాళ్ళు. కాలి కొసని సన్నగా చెక్కాలి, దాన్ని కుసి అంటాం. పలకలో బెజ్జం తొలిచి కుసి అందులోకి దింపాలి. స్క్రూ వాడితే మాత్రం నాకు చెప్పకు. వడ్రంగం మొత్తం ఆ స్టూల్లోనే ఉంది.

ఇంకొకటి. నాకు పని నేర్పినాయన ఒక మాట చెప్పేవాడు. ఎవరు చేసిన సామానైనా ముందు తిరగేసి చూడు, పైభాగం కొనేవాడికి, అడుగు వడ్రంగికి, అని. అప్పటినుంచీ పెళ్ళికి పిలిచినా ముందు వాళ్ళ కుర్చీ తిరగేసి చూసే కూర్చుంటాను. మీ అక్క పక్కన సిగ్గుతో చస్తుంది.

అమ్మాయి కడుపుతో ఉంది. అల్లుడిది ఊళ్ళు తిరిగే ఉద్యోగం, అందుకని మా దగ్గరే ఉంటోంది.

అక్షరాలు వంకరగా ఉంటే తప్పు పెన్నుది.

బావ


గ్యారేజీ కాదు, ఇకమీదట షెడ్డు నుంచి

బావకి,

నువ్వొచ్చి చూడాలి. గోడకి నీలం రంగు, దాని మీద పనిముట్ల ఆకారాలు తెల్లగా. ఇంకా కొనని వాటికి కూడా గీసేశాను, రాబోయే కోడలికి ముందే గది సర్ది పెట్టినట్టు. మేకులన్నీ సైజుల వారీగా సీసాల్లో ఉన్నాయి. వంటింట్లో సీసాలు ఎలా తగ్గాయన్న దానిమీద విచారణ ఇంకా జరుగుతోంది. ఎడమ పక్క కిటికీ కొట్టించాను. బల్ల సరిగ్గా నా మణికట్టుకి ఉంది, డిపోలో వెల్డింగువాణ్ణి బతిమాలి కాళ్ళు చేయించాను. పైన వార్నిషు రెండు పూతలు వేశాను, అందులో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. పక్కింటివాళ్ళు తమ చుట్టాలొస్తే మా షెడ్డు చూపించడానికి తీసుకొస్తున్నారు. నిన్న ఒకాయన లోపల దగ్గడానికి కూడా మొహమాటపడ్డాడు.

మీ చెల్లెలు మాత్రం గుమ్మంలో నిలబడి, "అంతా బాగానే ఉంది గానీ, నేల మీద చిటికెడు రంపంపొట్టు కూడా లేదేం?" అంది. ఆవిడకి మురికి నేల చూస్తే కోపం, శుభ్రమైన నేల చూస్తే అనుమానం.

లారీ ఆఫీసులో నీ పేర ఒక పార్సిలు వేశాను. అందులో స్టూలుంది. చెయ్యమన్నావుగా, చేశాను. పైనా కిందా చూసి నీ అభిప్రాయం రాయి. బావమరిది కదా అని మొహమాటపడకు.

నీ పితలాటకం


షాపు నుంచి,
స్టూలు మీద కూర్చుని

ఒరేయ్,

పార్సిలు విప్పి దాని ముందే నేల మీద చతికిలబడ్డాను. మీ అక్క కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది. నాలుగు కాళ్ళూ నేలని ఒకేసారి తాకుతున్నాయి. నేను మొదట చేసిన స్టూలు తాగినవాడిలా ఊగేది. ఎక్కి కూర్చున్నాను. కూర్చున్నాక లేవబుద్ధి కాలేదు.

నీకో సంగతి చెప్పాలి. మీ అక్కకి తప్ప ఎవరికీ తెలియదు. నా కుడిచెయ్యి వణుకుతోంది. ఉలి గీత మీద నిలవడం లేదు. పోయిన వేసవిలో చేసిన బల్ల ఒకటి వెనక్కి వచ్చింది, సొరుగు మూతపడదట. చెక్క తేమ పట్టిందని చెప్పి పంపించాను. నా తప్పుకి చెక్క మీద నింద వెయ్యడం అదే మొదలు. ఈమధ్య షాపు తలుపు వేసుకుని మిషను ఊరికే ఆడిస్తున్నాను, లోపల పని జరుగుతోందని వీధి అనుకోవాలని.

ఈ పని మన ఇంట్లో ఎవరూ అందుకోలేదన్న దిగులు లోపల ఉండేది. పైకి అనలేదు. ఇన్నాళ్ళూ నన్ను ఆటపట్టించిన నువ్వే అందుకుంటావని అనుకోలేదు. స్టూలు షాపు ముందు వేశాను. వచ్చేపోయే ప్రతివాడికీ "మా బావమరిది చేశాడు" అని చెబుతున్నాను. నీ దూదిబస్తాకి అడక్కపోయినా రెండోసారి చెప్పాను.

నా పనిముట్ల పెట్టె నీకు పంపిస్తున్నాను. నీ గోడకి తగిలించుకో. దాంతోపాటు ఒక టేకు పలక వస్తుంది. అమ్మాయి పుట్టిన ఏడు కొని ఎండబెట్టాను. దేనికో తెలియకుండానే దాచాను, ఇప్పుడు తెలిసింది. దాంతో నీ మేనకోడలి బిడ్డకి తొట్టి ఉయ్యాల నువ్వు చెయ్యాలి. అమ్మాయికి చెప్పేశాను. "మామయ్యా? ఉయ్యాలా? అందులో పాపకి ఎక్కడ ఏ టపాకాయ పెడతాడో" అని నవ్వింది గానీ, సంతోషపడింది.

నీ బావ


షెడ్డు నుంచి
(కవరులో పెట్టి, పోస్టు డబ్బా దాకా వెళ్ళి, వెనక్కి తెచ్చిన ఉత్తరం)

బావా,

స్టూలు నేను చెయ్యలేదు. బస్టాండు ఎదురుగా ఫర్నిచరు కొట్లో కొన్నాను. అడుగున ఫ్యాక్టరీవాడి స్టిక్కరు ఉంది, రంగురంగులది, 'తడి గుడ్డతో తుడవరాదు' అని రాసి. దాన్ని నేను చింపలేదు. ఎందుకు చింపలేదో తెలుసా? నువ్వు తిరగేస్తావని. పెళ్ళికెళ్ళి కుర్చీ తిరగేసేవాడివి, ఈ పితలాటకం పంపిన స్టూలు తిరగెయ్యకుండా ఉంటావా? తిరగేస్తావు, స్టిక్కరు చూస్తావు, నా ఏడు తరాలనీ తిడుతూ ఉత్తరం రాస్తావు, అది చదువుకుని నేను వారం పాటు నవ్వుకుంటాను. అంతే ప్లాను. డిపోలో వాళ్ళకి కూడా చెప్పి పెట్టాను, మా బావ తిట్లు వస్తున్నాయి, చదివి వినిపిస్తాను కాచుకోండి అని.

ఉత్తరం వచ్చింది. "ఏవన్నాడు మీ బావ?" అని అందరూ మూగారు. "బాగుందన్నాడు" అన్నాను. అది కూడా జోకే అనుకుని పడి పడి నవ్వారు. నేను బస్సు కిందికి దూరి, బిగించిన బోల్టే మళ్ళీ బిగిస్తూ అక్కడే ఉండిపోయాను.

నువ్వెందుకు తిరగెయ్యలేదు? తప్పు నీమీదికి నెడదామని చాలా ప్రయత్నించాను బావా. ఎటు నుంచి నెట్టినా దొర్లుకుంటూ నా దగ్గరికే వస్తోంది.

ఇంత షెడ్డు పెట్టి ఈ బల్ల మీద ఇంతవరకూ నేను చేసిన పని ఈ ఉత్తరం రాయడమే.


షెడ్డు నుంచి

బావకి,

పెట్టె చేరింది. పలక చేరింది. మోసుకొచ్చిన మనుషులు "ఏముందండీ ఇందులో ఇంత బరువు?" అన్నారు. టీ డబ్బులు ఇచ్చి పంపేశాను.

నీ పనిముట్లు గోడకి తగిలించాను. నేను గీసిన ఆకారాల్లో ఒక్కటీ సరిపోవడం లేదు. నీ ఉలులు సానపట్టీ సానపట్టీ సగానికి అరిగిపోయాయి, నా బొమ్మలేమో కొట్లోంచి అప్పుడే దిగినట్టు నిండుగా ఉన్నాయి. ప్రతిదాని చుట్టూ తెల్లగా ఖాళీ మిగిలిపోయింది. చిత్రిక పిడి మీద నీ బొటనవేలి గుంట ఉంది. నా వేలు పెట్టి చూశాను. కుదరలేదు.

ఉయ్యాల సంగతి నాకొదిలెయ్యి. స్టూలు మాత్రం షాపు ముందు ఉంచకు, ఎండకి పగులుతుంది. ఇంట్లో ఓ మూల పెట్టు. తిరగెయ్యకు కూడా, అడుగున జిగురు ఇంకా పూర్తిగా ఆరలేదు.

చెయ్యి డాక్టరుకి చూపించు. నవ్వులాటకి అనడం లేదు.

పితలాటకం


షాపు నుంచి

బావమరిదికి,

ఉత్తరం అందింది. అక్క కులాసా. అమ్మాయి కులాసా. చెయ్యి డాక్టరుకి చూపించాను. వయసు అన్నాడు.

ఒక్క సంగతి రాయి. స్టూలు కాళ్ళు పలకలోకి ఎలా దింపావు? నిదానంగా ఆలోచించుకుని రాయి. తొందర లేదు.

బావ


షెడ్డు నుంచి

బావకి,

కాళ్ళా? నువ్వు చెప్పినట్టే. కుసి చెక్కాను, బెజ్జం తొలిచాను, దింపాను. మొదట కాస్త మొరాయించింది. కొంచెం సబ్బు రాశాను. కొత్త చెప్పులోకి కాలు దూరినట్టు దూరింది. పైనుంచి సుత్తితో రెండు తట్లు, అంతే. ఇంతకంటే ఏం రాయను? చేతిపని మాటల్లోకి వస్తుందా, నీకు తెలియనిదా!

అయినా ఇదేంటి, పరీక్ష పేపరు పంపినట్టు రాశావు? పైన 'పితలాటకానికి' అని కూడా లేదు.

నీ పితలాటకం


గ్యారేజీ నుంచి

బావగారికి,

నా ఉత్తరానికి మీరు జవాబు రాయలేదు. ఎదురుచూసి ఎదురుచూసి అక్కకి ఫోన్ చేశాను. "మీ బావ షాపు తియ్యడం మానేశారు" అంది. ఎందుకని అడిగితే, "నన్నడుగుతావేం?" అని కసిరింది. పాప పుట్టిందని చెప్పింది. ఉయ్యాల రాలేదు కాబట్టి బట్టల బుట్టలో పడుకోబెడుతున్నారట.

ఫోన్ పెట్టేసి గ్యారేజీలోకి వెళ్ళాను. ఇన్ని నెలలూ ఆ పలక మీద దుప్పటి కప్పి ఉంచాను, దాని మొహం చూడలేక. దుప్పటి తీసి బల్ల మీద పెట్టాను. గీత గీశాను. మీ రంపం పట్టాను. రంపం నా గీత మీద నడవలేదు, దానికి నచ్చిన దారిన పోయింది. నేను మొండిగా లాగాను. పలక నిలువునా చీలింది. చప్పుడుకి మీ చెల్లెలు పరిగెత్తుకొచ్చింది. పలకని చూసింది, నన్ను చూసింది. చీపురు తెచ్చి నేల మీది పొట్టు ఊడవబోయి, ఆగింది. చీపురు గోడకి ఆనించి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

స్టూలు నేను చెయ్యలేదు. కొన్నది. మిగతాది ఈ కవరులో పెట్టిన రెండో కాగితంలో ఉంది. మీ సంతోషం చదివిన రోజునే రాశాను, వెయ్యడానికి చెయ్యి రాలేదు. కాళ్ళు ఎలా దింపావని మీరు అడిగినప్పుడైనా నోరు తెరవాల్సింది. తెరిచాను, సబ్బు రాశానన్నాను. ఆ మాట గుర్తొస్తే బస్సు కింద కూడా చోటు చాలడం లేదు.

మీ పెట్టె వెనక్కి పంపిస్తాను. పలకని ఏం చెయ్యాలో తెలియడం లేదు. అమ్మాయికి ఏం చెప్పాలో మీరే చెప్పండి, నేను చెబితే నమ్మదు, నమ్మకూడదు కూడా.

మీ బావమరిది


ఇంటి నుంచి

ఒరేయ్ పితలాటకం,

ముందు ఒక మాట. నన్ను 'మీరు' అన్నావు. స్టిక్కరు కంటే అది ఎక్కువ గుచ్చుకుంది. ఇంకోసారి అంటే ఉత్తరం విప్పకుండా పొయ్యిలో పెడతాను.

స్టూలు సంగతి నాకు తెలుసు. 'తిరగెయ్యకు' అన్న నీ ఉత్తరం ఒక్కరోజు ఆలస్యంగా వచ్చింది. అంతకుముందు రోజు సాయంత్రం వీధిలో మేస్త్రులంతా టీకి మా షాపు ముందు చేరారు. నేను మామూలుగానే మొదలుపెట్టాను, మా బావమరిది అని. దూదిబస్తా "ఏదీ, ఓసారి చూడనీ" అని నన్ను లేపి స్టూలు తిరగేశాడు. అందరూ వంగారు. ఒకడు పైకి చదివాడు, 'తడి గుడ్డతో తుడవరాదు' అని. నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నిమిషంలో నవ్వక ఏం చెయ్యను?

నువ్వు ఊళ్ళో అందరికీ పేర్లు పెడతావు కదా. వీధి నాకు పేరు పెట్టింది. స్టిక్కరు మేస్త్రి. మేకుల కొట్లో కొత్తగా చేరినాయన నిజంగా అదే నా పేరనుకుని, "రండి స్టిక్కరు మేస్త్రిగారూ, కూర్చోండి" అన్నాడు, ఎంతో గౌరవంగా. వచ్చేశాను. ఆ మర్నాటి నుంచి షాపు తియ్యలేదు.

నీమీద కోపం ఉంది. ఒక ఉత్తరంతో పోయేది కాదు, పోయిందని అనుకోకు. కానీ నన్ను తినేస్తున్నది వేరే. కనబడ్డ ప్రతి సామానూ తిరగేసినవాణ్ణి, దీన్నెందుకు తిరగెయ్యలేదు? అడుగున బొటనవేలు ఆనించినా స్క్రూలు తగిలేవి. ఆనించలేదు. తగులుతాయేమోనని లోపలెక్కడో భయం ఉండి ఉంటుంది. అది నువ్వు చేసిందే అయ్యుండాలని నా ఆశ. వాళ్ళు నవ్వింది నీ స్టిక్కరుని చూసి కాదు, నా ఆశని చూసి. సిగ్గు అక్కడుంది.

కాళ్ళు ఎలా దింపావని అడిగింది నీకు తలుపు తియ్యడానికి. నువ్వు సబ్బు రాసి మరీ మూశావు.

పెట్టె పంపకు. వణికే చేతికి అదెందుకు? పలక చీలితే చీలింది. ఏ దారిన చీలిందో చూడు. చెక్క దాని ఈనె వెంట, అంటే లోపలి నార నడిచే దారిన చీలిందంటే ఎటు కొయ్యాలో అదే నీకు చూపించింది. ఆ చీలికల్లోంచి ఉయ్యాల కమ్మీలు వస్తాయి. నేను రాస్తాను, నువ్వు కొయ్యి. ఏది తప్పిందో, ఎంత తప్పిందో ఉన్నదున్నట్టు రాయి. ఒక్క అబద్ధం కనబడినా ఆపేస్తాను.

బల్ల మీది వార్నిషు గీకెయ్యి. పనిబల్లలో మొహం కనబడకూడదు.

బావ


గ్యారేజీ నుంచి

బావా,

ఉన్నదున్నట్టు. మొదటి కమ్మీ పొట్టిదైంది. దాన్ని పెట్టి రెండోది కొలిచాను, అది ఇంకా పొట్టిదైంది. దాన్ని పెట్టి మూడోది కొలిచాను. ఇలాగే పోతే చివరిది పళ్ళు కుట్టుకోడానికి పనికొస్తుంది. ఉలి జారి ఎడమచేతి చూపుడువేలు తెగింది, పెద్దదేం కాదు. బల్ల మీద నెత్తురు మరక పోలేదు. చక్రాలూ టైర్లూ ఇన్నేళ్ళు విప్పాను గానీ ఒక వస్తువు నాతో ఇంత మొండిగా ఎదురు చెప్పడం చూడలేదు.

గోడ మీద నా తెల్ల బొమ్మల మీద నీలం రంగు పూసేశాను. నీ పనిముట్లు ఆనించి, వాటి చుట్టూ మళ్ళీ గీశాను, అరిగినవి అరిగినట్టే.

పక్కింటాయన చుట్టాల్ని తీసుకొచ్చి గుమ్మంలోంచే వెనక్కి తిప్పేశాడు. "ఈమధ్య బాగా పాడు చేసుకున్నాడు" అని వాళ్ళతో అనడం వినపడింది.

పితలాటకం


ఇంటి నుంచి

పితలాటకానికి,

చేసిన ముక్కతో ముక్కని కొలవకు. ఒక కొలతబద్ద చేసుకుని, ప్రతిదీ దాంతోనే కొలువు. లేకపోతే ముందుదాని తప్పు వెనకదానికి, వెనకదాని తప్పు ఆ వెనకదానికి సంక్రమిస్తుంది. నీ సబ్బు కూడా అలా వచ్చిందే.

రంపాన్ని తొయ్యకు. దాని బరువుతో దాన్ని దిగనీ. నీ పని దారి తప్పకుండా చూడటమే.

వేలికి మందు రాసుకో. పాపకి నీ ముక్కు వచ్చింది. ఏం చేస్తాం.

బావ


గ్యారేజీ నుంచి

బావా,

ఉయ్యాల లారీకి వేశాను. నాలుగు కాళ్ళకీ కుసి చెక్కాను, స్క్రూ ఒక్కటి లేదు. మూడు కాళ్ళు బాగానే కూర్చున్నాయి. వెనక ఎడమ కాలి దగ్గర బెజ్జం పెద్దదైపోయింది, సందు ఉంది. లక్కా రంపంపొట్టూ కలిపి కూరితే కనబడదని డిపోలో ఒకడు చెప్పాడు. కూరలేదు. కమ్మీల్లో రెండు కాస్త దూరందూరంగా ఉన్నాయి, వాటి మధ్యలోంచి పాప తల పట్టదు, చెంబు పెట్టి చూశాను. ఊపితే కిర్రుమంటుంది. ఎక్కడ కిర్రుమంటుందో దొరకలేదు.

పంపడానికి సిగ్గేసింది. మొన్న స్టూలు పంపినప్పుడు వెయ్యని సిగ్గు ఇప్పుడేసింది. మీ చెల్లెలు వచ్చి చుట్టూ తిరిగి చూసి, "వంకరగా ఉంది" అంది. ఆ తరవాత చీపురు తీసుకుని, ఆ పొట్టంతా తనే ఊడ్చింది. ఈసారి నన్ను లేవమంది.

అడుగున ఏమీ దాచలేదు. తిరగేసి చూడు.

పితలాటకం


షాపు నుంచి

పితలాటకానికి,

ఉయ్యాల లారీ ఆఫీసులో దిగింది. తోపుడుబండి మాట్లాడాను. అక్కడినుంచి ఇంటికి వెనక సందు దగ్గర దారి. నేను వడ్రంగుల వీధిలోంచి తీసుకెళ్ళాను. బండి మీద తలకిందులుగా పెట్టించాను, కాళ్ళు ఆకాశానికి, అడుగు అందరికీ కనబడేట్టు. బండాయన "తిరగబడిందండీ" అన్నాడు. "అది అలాగే పోవాలి, తొయ్యి" అన్నాను. పెళ్ళికి వెళ్ళే బండి వెనకాల నడిచినట్టు నడిచాను. కాళ్ళల్లో చేతుల్లో వణుకే. భయం ఏదో వయసేదో నాకే తెలియలేదు.

షాపుల్లోంచి ఒక్కొక్కరే బయటికొచ్చారు. దూదిబస్తా గుమ్మం ముందు బండి ఆపించాను. అతను కళ్ళజోడు పెట్టుకుని, వంగి, అడుగంతా వేళ్ళతో తడిమాడు. స్టిక్కరు తగల్లేదు. వెనక ఎడమ కాలి దగ్గర చెయ్యి ఆగింది. చెవి మీద ఉన్న పెన్సిలు తీసి ఆ సందులో పెట్టాడు. పెన్సిలు అందులోనే నిలబడింది.

"ఇంత సందేంటి స్టిక్కరు మేస్త్రీ? ఇది నిజంగా మీ బావమరిదే చేశాడా?" అన్నాడు.

"వాడే చేశాడు. ఇంత దరిద్రంగా చేసి పంపే ఫ్యాక్టరీ ఎక్కడైనా ఉందా? ఉంటే అడ్రసు చెప్పు, వెళ్ళి మూయించి వద్దాం" అన్నాను.

వీధి వీధంతా నవ్వింది. దూదిబస్తా అందరికంటే గట్టిగా నవ్వాడు. ఈసారి నేను నవ్వింది తప్పనిసరై కాదు.

తరవాత అతనే చిన్న చెక్క చీలిక తెచ్చి పట్టుకున్నాడు. నేను సందులోకి దిగగొట్టాను. ఒక దెబ్బ అతని వేలి మీద పడింది. "ఫరవాలేదు, తడి గుడ్డతో తుడవకు" అన్నాడు వెధవ. కాలు బిగిసింది. కిర్రుమనే చోటు దొరికింది, కొంచెం మైనం రాశాను. సబ్బు కాదు.

అమ్మాయి ఉయ్యాల పైన చూసి మురిసిపోయింది, అడుగు చూడలేదు. పాప అందులోనే నిద్రపోతోంది.

పేరు పోలేదు. ఇక పోదు కూడా. నువ్వు ఇచ్చింది అది, నాతోనే ఉంటుంది. ఇదివరకు ఎవరైనా పిలిస్తే తల దించుకుని పక్క సందులోకి తిరిగేవాణ్ణి. ఇప్పుడు ఆగి పలుకుతున్నాను. షాపు తలుపులు తీశాను, మిషను ఊరికే ఆడించడం మానేశాను. పనుంటే ఆడుతుంది, లేకపోతే లేదు.

స్టూలు నీకు పంపిస్తున్నాను. స్టిక్కరు చింపకు. నేను వచ్చినప్పుడు దానిమీద కూర్చుని నువ్వు పని చేస్తుంటే చూస్తాను. ఈలోగా నీ చేత్తో ఇంకో స్టూలు చేసి పక్కన పెట్టు. గుమ్మంలో అడుగు పెట్టగానే తిరగేస్తాను.

ఇట్లు,
స్టిక్కరు మేస్త్రి